పాల ఒత్తి

మా అమ్మ రోకలి పట్టుకుని మేడ ఎక్కిందన్న కబురు నాకు ఆసుపత్రిలో తెలిసింది. అన్నయ్య మంచం పక్కన కూర్చుని సెలైన్ చుక్కలు చూస్తున్నాను. ఎదురింటి మరియమ్మత్త ఫోన్ చేసింది.

"లిఖితా, మీ అమ్మ మేడ మీద పెట్టెని కుమ్మతందమ్మా. కంపెనీవోళ్ళు కేసు పెడతారే అంటే ఇనట్లా. నువ్వన్నా చెప్పు."

"కుమ్మనీ అత్తా," అన్నాను.

ఓర్పు అనేది మా ఇంట్లో ఎవరికీ లేదు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి పదిమందిలో కాస్త అణచుకుంటాను, అంతే. ఆ పూట ఇంట్లో ఉంటే నేనూ ఇంకో రోకలి వెతుక్కునేదాన్ని.

అది వాతావరణ పెట్టె. ఎండ చట్టం వచ్చాక మా తీరంలో వీధికి కొన్ని ఇళ్ళ చొప్పున మేడల మీద ఒక కంపెనీ బిగించింది. గాలిలోని వేడినీ తేమనీ కలిపి అది ఒక అంకె చెబుతుంది. మా వాళ్ళు దాన్ని ఉడుకంకె అంటారు. వట్టి వేడైతే మనిషి చెమట పట్టి తట్టుకుంటాడు. గాలి నిండా తేమ ఉంటే ఆ చెమట ఆరదు, ఒళ్ళు లోపల్లోపలే ఉడికిపోతుంది. ఉడుకంకె ముప్పై రెండు దాటితే పెట్టె కూత పెట్టాలి. కూత వినపడినంత మేరా ఆరుబయట పని ఆపెయ్యాలి, ఆ రోజు కూలి మాత్రం పూర్తిగా ఇవ్వాలి. చట్టం మంచిదే. అది మేడ మీదున్న ఆ పెట్టె నోటిని నమ్ముకుని బతుకుతోంది.

మా అన్నయ్య శ్రీహరి ఉప్పు మడుల్లో పని చేస్తాడు. ఆ రోజు మబ్బు పట్టి, ఆకు కదలని ఉక్క. కాలేజీలో ఫ్యాను కింద కూర్చుని రాస్తున్న పిల్లల మోచేతుల కింద కాగితాలు తడిసి చిరిగిపోయాయి. మడిలో ఉప్పు లాగుతూ లాగుతూ అన్నయ్య బోర్లా పడ్డాడు. మరియమ్మత్త భర్త ఏసోబు మామ పక్క మడిలో ఉండి లాగబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ ఉప్పునీళ్ళలోనే పోయేవాడు. అప్పుడు మా పెట్టె చెబుతున్న అంకె ఇరవై తొమ్మిదిన్నర. వీధిలో మిగతా పెట్టెలూ అదే పాట.

"ఈసారికి గట్టెక్కాడు," అన్నాడు డాక్టరు. "కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. ఇంకోసారి ఇట్లా పడితే నా దగ్గరికి తీసుకురానక్కర్లేదు."

ఈ మాట అన్నయ్య కూడా విన్నాడు. విని, "పనిలోకి ఎప్పుడు పోవచ్చు సార్?" అని అడిగాడు. నాకు డాక్టరు మీద కోపం వచ్చింది, అన్నయ్య మీద వచ్చింది, ఆ పెట్టె మీద అన్నిటికంటే ఎక్కువ వచ్చింది.

*

ఇంటికొచ్చేసరికి పెట్టె వంటింట్లో నేల మీద పడి ఉంది. పైన డొప్ప పగిలింది. కింద చిన్న నీళ్ళ గిన్నె రెండు ముక్కలైంది. అయినా పచ్చటి అంకె వెలుగుతూనే ఉంది. ఇరవై ఎనిమిది.

"సచ్చినా కళ్ళు మూయట్లేదు చూడు," అంది అమ్మ. మా అమ్మ పేరు తిరుపతమ్మ. ఆమె ముందు ఎవరూ గొంతు పెంచరు, నేను తప్ప.

కంపెనీకి ఫోన్ చేస్తే ఒక పిల్ల ఎంతో తియ్యగా మాట్లాడింది. మా మనిషి వచ్చి కొత్త పార్టు వేస్తాడు, ఒక్క పైసా కట్టక్కర్లేదు అంది. బాగు చెయ్యరా అని అడిగాను. ఆ మాట ఆమె ఎప్పుడూ విన్నట్టు లేదు. "బాగు చెయ్యడం ఎందుకు మేడమ్, మార్చేస్తాం కదా," అంది. ఊరికే ఇస్తామన్నదేదైనా నాకు అనుమానమే. వద్దని పెట్టేశాను.

అమ్మ ఆ పూట ఇడ్లీ పెట్టింది. పాత్ర మూత తియ్యగానే ఆవిరి గుప్పుమని లేచింది. ఏం తోచిందో, నేను ఆ పెట్టెను ఎత్తి ఆవిరిలో పట్టుకున్నాను. నా చెయ్యి చుర్రుమంది. అంకె ఇరవై ఎనిమిది. ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తీసి దాని మీద కుప్ప పోశాను. ఇరవై ఎనిమిదే.

"దీనికి చీమ కుట్టినట్టన్నా లేదే!" అంది అమ్మ. కోపం ఆగక, పక్కనున్న స్టీలు బిందె తీసి దాని మీద ధడేలున బోర్లించింది. "దీని మొహం నాకు చూపించబాక."

కాసేపాగి నేను బిందె ఎత్తాను. అంకె లేదు. అంకె ఉండాల్సిన చోట ఒక గీత ఉంది. చూస్తుండగానే మళ్ళీ ఇరవై ఎనిమిది వచ్చింది. మళ్ళీ బోర్లించాను, మళ్ళీ గీత. ఆవిరికీ ఐసుకూ చలించనిది స్టీలు బిందెకు ఎందుకు మూగపోతుంది? ఇది కొలవడం లేదు, ఎవరో చెప్పింది వింటోంది. ఆ వినికిడికి బిందె అడ్డం పడింది.

స్క్రూలు తీసి లోపల చూశాను. కొలిచే సూదులు రెండూ ఉన్నాయి. ఒకటి పొడి గాలిని కొలిచేది, రెండోది తడి ఒత్తి చుట్టుకుని ఉండాల్సింది. ఒత్తిలోని నీళ్ళు ఆరుతూ సూదిని చల్లబరుస్తాయి, మన ఒంటిని చెమట చల్లబరిచినట్టే. గాలిలో తేమ ఎక్కువైతే ఆరదు, చల్లబడదు, అంకె పెరుగుతుంది. అంత తేలికైన సంగతి. కానీ సూదుల నుంచి వచ్చే తీగల్ని ఎవరో నీటుగా కత్తిరించి, వాటి స్థానంలో గోరంత బిళ్ళ ఒకటి గుచ్చి పోయారు. కళ్ళున్నాయి, నరాలు కోశారు.

దాన్ని కాలేజీ ల్యాబుకి పట్టుకుపోయి, కంప్యూటరుకి తగిలించి, అది ఎవరితో ఏం మాట్లాడుతోందో విన్నాను. ఆ బిళ్ళ చుట్టుపక్కల పెట్టెలన్నిటినీ మీ దగ్గర ఎంత అని అడుగుతోంది. అవి చెప్పినదాని సగటు తీస్తోంది. మబ్బు పడితే కాస్త తగ్గిస్తోంది. ఏదైనా పెట్టె గుంపుకి భిన్నంగా చెబితే దాన్ని లెక్కలోంచి తోసేస్తోంది. అంతే, అదే దాని తెలివి.

ఆ సాయంత్రం వీధిలో మేడలన్నీ ఎక్కాను. ప్రతి పెట్టెలోనూ తీగలు కోసేసి ఉన్నాయి. మన పెట్టె ఎదురింటి పెట్టెను అడుగుతుంది, ఎదురింటిది మూలింటిదాన్ని అడుగుతుంది, మూలింటిది మళ్ళీ మనదాన్ని అడుగుతుంది. ఒక్కటీ గాలి మొహం చూడదు. గుడ్డికన్ను మూస్తేనేం తెరిస్తేనేం అంటారే, అట్లాంటి కళ్ళను చట్టం పేరు చెప్పి మా నెత్తిన పెట్టి పోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కంపెనీ ఇంజనీరు ప్రణీత్ అని ఒకతను ఫోన్‌లో దొరికాడు.

"అది లోపం కాదు మేడమ్, కొత్త పద్ధతి. పాతవాటికి ఒత్తి మార్చాలి, నీళ్ళు పోయాలి, దానికి ఊరూరా మనుషులు తిరగాలి. అంచనా బిళ్ళకి అవేవీ అక్కర్లేదు. చుట్టూ కొలిచే పెట్టెలు ఉన్నంత వరకూ బిళ్ళ చెప్పేది కచ్చితంగా ఉంటుంది."

"చుట్టూ కొలిచే పెట్టె ఒక్కటి చూపించండి."

"ఏది ఎక్కడ మార్చారన్నది మా సెక్షన్ కాదు మేడమ్," అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు, నాకు తెలుసు. ఆలోచన కూడా మొదట్లో మంచిదే అయ్యుంటుంది, పది పెట్టెలు కొలుస్తుంటే పదకొండోది ఊహించి చెప్పొచ్చు. పాడైన పెట్టెనల్లా బాగు చెయ్యకుండా బిళ్ళ గుచ్చుకుంటూ పోయారు, ఆఖరి కొలిచే పెట్టె ఏ రోజు పోయిందో ఎవరూ చూసుకోలేదు. మా అన్నయ్య మడిలో బోర్లా పడటం ఎవరి సెక్షనూ కాదు.

*

చట్టంలో ఒక మాట ఉంది. పెట్టెను ఇంటివాళ్ళే బాగు చేసుకోవచ్చు. ఎవరూ చేసుకోరన్న ధైర్యంతో ఆ మాట వదిలేసి ఉంటారు. బిళ్ళ పీకి పారేసి, కోసిన తీగల్ని సూదులకి మళ్ళీ అతికాను. పక్క పెట్టెలకి అంకె పంపే భాగం పెట్టెలోనే విడిగా ఉంది, దాన్ని ముట్టుకోలేదు. ఒక చోట తీగ పొట్టిదైపోతే పాత రేడియోలోంచి ముక్క తెచ్చి కలిపాను. పగిలిన నీళ్ళ గిన్నెను లక్క కరిగించి అంటించాను. అన్నయ్య మంచం మీద కూర్చునే డొప్పను వల తాడుతో కట్టాడు, అతని ముళ్ళు నా కంటే గట్టివి. ఇక మిగిలింది ఒత్తి.

"ఒత్తి సంగతి నాకొదిలెయ్," అంది అమ్మ. "పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేస్తన్నా."

నేను దీపం పెట్టేదాన్ని కాదు, ఒత్తి ఎట్లా చేస్తారో ఏనాడూ చూడలేదు. మంచి పత్తి దూది, తెల్లగా, సన్నగా, ముద్దొచ్చేట్టుగా చేసి ఇచ్చింది. సూదికి చుట్టి, కొస నీళ్ళ గిన్నెలో ముంచి, పెట్టెను మేడ మీద మళ్ళీ బిగించాను.

అన్నయ్య పనిలోకి వెళ్ళడం మొదలుపెట్టాడు. వద్దని నేను అరిచాను, అతను వినలేదు. "పెట్టె బాగైంది కదా. కూస్తే వచ్చేస్తా," అన్నాడు. దాంతో అతని ప్రాణం నేను అతికిన తీగల మీద పడింది.

కొద్దిరోజులకే పడమటి గాలి వీచింది. నిప్పులు చెరిగే ఎండ. పొద్దెక్కక ముందే మా పెట్టె ముప్పై నాలుగంటూ కూత పెట్టింది. వీధంతా ఉలిక్కిపడింది. ఆ కూత వినడం మా ఊళ్ళో చాలామందికి అదే మొదలు. మడుల్లోంచి జనం ఉప్పు లాగే దంతెలు భుజాన వేసుకుని నవ్వుకుంటూ వచ్చేశారు. ఏసోబు మామ మా గుమ్మం ముందు ఆగి, "మా కోడలు కట్టిన పెట్టె కూసిందిరా, కూలికి కూలి, కునుక్కి కునుకు!" అని తువ్వాలు తిప్పి చిందేశాడు. నేనూ నవ్వాను. ఎన్నాళ్ళకో మనసు తేలికపడింది.

మధ్యాహ్నానికి మడుల లీజుదారు వీరరాఘవులు జీపు దిగాడు. వెంట ప్రణీత్ ఉన్నాడు. కుర్రాడే, చక్కగా దువ్వుకున్న తల. మేడ ఎక్కి, భుజాన ఉన్న సంచిలోంచి ఒక చెక్క పిడి తీశాడు. దానికి జంట థర్మామీటర్లు, ఒకదానికి తడి గుడ్డ. చేత్తో గిరగిరా తిప్పి చూపించాడు.

"ఇరవై ఏడు. మీది ముప్పై నాలుగు అంటోంది. ఇది పొడి ఎండ మేడమ్, ఉడుకంకె ఇంత ఎందుకుంటుంది?"

అతను మా ఒత్తిని వేలితో తడిమాడు. పైన ఎండిపోయి ఉంది. గిన్నెలో నీళ్ళు ఉన్నాయి, ఒత్తి వాటిని పీల్చడం లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"పాలా ఇవి?"

"మరి?" అంది అమ్మ. "చేతేళ్ళకి పాలు అద్దుకోకుండా ఒత్తి ఎట్టా నిలబడుద్ది? దీపం ఒత్తికి పాలు అద్దనోళ్ళు ఎవురు?"

పాలలోని కొవ్వు దూదికి పట్టి నీళ్ళను ఎక్కనివ్వలేదు. తడి ఒత్తి పొడి ఒత్తి అయిపోయింది. వీరరాఘవులు పడీపడీ నవ్వాడు. "పాల ఒత్తి! అయ్యగారి దీపం కూత పెట్టింది, పదండి పదండి!" అన్నాడు. మెట్ల కింద నిలబడ్డవాళ్ళూ నవ్వారు. ఆ నవ్వుతోపాటే సగం పూట కూలి కోసేశాడు. కోసింది వాళ్ళకి, కోపం వచ్చింది మా మీద. ప్రణీత్ మా పెట్టె మీద ఎర్ర స్టిక్కర్ అంటించాడు. తప్పుడు పెట్టె, దీని కూత చెల్లదు. సోమవారం వచ్చి బిళ్ళ వేస్తానని చెప్పి దిగిపోయాడు.

అన్నయ్య ఆ రాత్రి అన్నం దగ్గర తల ఎత్తలేదు. "రేపటి నుంచి ఆ పెట్టె కూస్తే వచ్చినోడు ఇంక రావొద్దన్నాడు రాఘవులుగారు," అన్నాడు, అంతే.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. పరీక్షించకుండా మేడ ఎక్కించాను. ఇంటర్ పిల్లాడు ఇట్లా చేస్తే సున్నా వేసేదాన్ని. కానీ పళ్ళు తోముకుంటుంటే పొద్దున్నే ఒక సంగతి తట్టింది, తట్టాక పళ్ళు కొరుక్కోవడమే మిగిలింది. నన్ను తప్పని తేల్చడానికి ఆ కుర్రాడు ఏ బిళ్ళనీ అడగలేదు. అన్ని పెట్టెలున్న వీధిలో నిలబడి, సంచిలోంచి తడి గుడ్డ తీసి తిప్పాడు. నిజం కావలసి వచ్చినప్పుడు వాళ్ళకీ ఒత్తే దిక్కు. బిళ్ళ మా కోసం.

*

"ఇంకో ఒత్తి చెయ్యమ్మా. పాలు వద్దు, విభూది వద్దు, ఏదీ వద్దు."

"ఆ వట్టి దూది పేనుకోదే."

"పేనుకోకపోతే చేతులు కడుక్కుని మళ్ళీ చెయ్యి!"

అమ్మ నా మీద ఎగిరింది, నేను అమ్మ మీద ఎగిరాను. తర్వాత ఇద్దరం పొయ్యి దగ్గర కూర్చున్నాం. దూదిని చాకలి సోడా వేసి ఉడకబెట్టి, మంచినీళ్ళలో జాడించి, ఆరబెట్టాం. ఒట్టి నీళ్ళ తడితో ఒత్తి చెయ్యడానికి అమ్మకి ఎన్నోసార్లు విడిపోయింది. చివరికి నిలిచినవాటిని ల్యాబుకి తీసుకెళ్ళి, ఒకదాని పక్కన ఒకటి నీళ్ళలో వేలాడదీసి, నీళ్ళు చకచకా ఎక్కినదాన్ని ఎంచుకున్నాను. ఈసారి పెట్టెను కాలేజీ థర్మామీటర్లతో నీడలో, ఎండలో, ఇడ్లీ ఆవిరిలో కూడా సరిచూశాను. ఎక్కడా అర డిగ్రీ తేడా లేదు. స్టిక్కర్ మాత్రం పీకలేదు, పీకితే ఇంకో కేసు.

శనివారం పొద్దున్న గాలి పడిపోయింది. సముద్రం మీద మబ్బు చాపలా పరుచుకుంది. ఎండ లేదని జనం సంతోషించారు. నాకు ఆరేసిన బట్టలు చూస్తే భయం వేసింది, తడి తడిగానే ఉన్నాయి. మా పెట్టె ముప్పై అంది, ముప్పై ఒకటి అంది. వీధిలో మిగతావన్నీ ఇరవై తొమ్మిదిన్నర దగ్గర కూర్చున్నాయి. మబ్బు ఉంది కదా, తగ్గించుకున్నాయి.

మా పెట్టె ముప్పై రెండు దాటి కూత పెట్టింది.

మేడ మీద నుంచి మడులు కనపడతాయి. ఒక్క తలకాయ పైకి లేచి మా ఇంటి వైపు చూసింది. అది మా అన్నయ్యే. చూసి, మళ్ళీ వంగి దంతె లాగడం మొదలుపెట్టాడు. ఎవరో అరిచిన అరుపు వినపడింది, "పాల ఒత్తి పొంగిందిరోయ్!" ఆ గొంతు ఏసోబు మామది. మడులన్నీ నవ్వాయి.

నేను గట్టు దాకా పరుగెత్తాను. వీరరాఘవులు ఆఫీసు గది ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆఫీసు పైకప్పు మీద పెట్టె చూపించాడు. "ఇరవై తొమ్మిదీ ఆరు. నీది తప్పుడు పెట్టె. నా పెట్టె కూస్తే నేనే ఆపుతా. చట్టం నాకూ తెలుసమ్మా."

అతని చెవుల వెనక, మెడ మీద చెమట ధార కడుతోంది. తుడుచుకుంటూనే చట్టం చెబుతున్నాడు. అతని చొక్కా పట్టుకుని ఊపాలనిపించింది. వెనక్కి తిరిగి ఇంటికి పరుగెత్తాను, ఎందుకంటే ఆ మాటలో నాకు దారి కనపడింది. అతని పెట్టె కూయాలి. అతని పెట్టె వీధి పెట్టెల మాట వింటోంది. అవన్నీ ఒకే అబద్ధం చెబుతున్నాయి కాబట్టి నా పెట్టెను తోసేస్తోంది. అవి నోరు మూస్తే ఇక మాట్లాడేది నా పెట్టె ఒక్కటే.

"అమ్మా, బిందెలు!" అన్నాను.

అమ్మకి రెండోసారి చెప్పక్కర్లేకపోయింది. ఆ రోజు వంటింట్లో తను చేసిన పనే అది. వీధిలో పడింది. నేను ఒక వైపు, ఆమె ఒక వైపు. కొందరు తలుపు వేసుకున్నారు. మీ పాలూ మీరూ అన్నారు. అమ్మ వీధి మధ్యలో నిలబడి, జన్మలో మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"పాలు అద్దింది నేను. నా కూతురు కాదు. తిట్టేది ఉంటే నన్ను తిట్టండి. అక్కడుండేది నా కొడుకొక్కడే కాదు, మీ మొగుళ్ళు. మీ జాకెట్లు చూసుకోండి, పొద్దున్నుంచి ఒక్కటన్నా ఆరిందా?"

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒకామె గంగాళం ఎత్తుకుని మేడ ఎక్కింది. ఇంకొకామె అన్నం వార్చే డేగిసా తీసింది. మేడ తర్వాత మేడ మీద స్టీలు బోర్లపడుతూ వచ్చింది. చివరికి మరియమ్మత్త పెట్టె మిగిలింది.

"నీ కూత విని వచ్చినందుకు మా ఆయనకి సగం కూలి పోయింది," అంది ఆమె నాతో. అంటూనే ఒకసారి ఆకాశం కేసి చూసి, పైటతో మెడ తుడుచుకుని, మంచినీళ్ళ బిందె వాకిట్లో గుమ్మరించింది. ఆమె మేడ ఎక్కి దాన్ని బోర్లించడం నేను కింద నుంచి చూశాను.

కాసేపు ఏమీ కాలేదు. మా పెట్టె ఒక్కటే ముప్పై మూడు దాటి అరుస్తోంది. ఆ తర్వాత గట్టు వైపు నుంచి రెండో కూత లేచింది. వీరరాఘవులు పెట్టె. అతని నెత్తి మీదే కూసింది.

మడుల్లో జనం నిటారుగా లేచి నిలబడ్డారు. దంతెలు అక్కడే వదిలేసి గట్లెక్కుతున్నారు. వస్తున్నవాళ్ళలో అన్నయ్య కోసం వెతికాను. చాలాసేపు కనపడలేదు. అందరి వెనకా వస్తున్నాడు, మెల్లగా, కాళ్ళు తడబడుతూ. భుజం మీద ఏసోబు మామ ఉన్నాడు. మామ చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి.

*

గుండెపోటు అన్నాడు వీరరాఘవులు. ఈ వయసులో మామూలే అన్నాడు. అప్పటికే ప్రాణం పోయిన మామను వాళ్ళ వరండాలో పడుకోబెట్టారు. అన్నయ్య పక్కన కూలబడి, నేను పట్టించిన మజ్జిగ తాగలేక కక్కుకుంటూ ఏడుస్తున్నాడు. "కూత ఇన్నా లిఖీ. ఇని కూడా వంగా. నేను లేచుంటే మామ కూడా లేచేవోడు." అతన్ని లేవనివ్వని వీరరాఘవులు అక్కడే నిలబడి ఉన్నాడు.

పెట్టెలు మూగబోయాయని తెలిసి ప్రణీత్ వచ్చాడు. మేడల మీద బోర్లించిన గిన్నెల్ని చూసి అతని మొహం పాలిపోయింది.

"ఇది పెట్టెలకి అడ్డు తగలడం మేడమ్. నేరం. బిందెలు తీయించండి, రీడింగులన్నీ పాడైపోతాయి."

"మీ సంచిలో తిప్పేది ఉందిగా. తీసి తిప్పండి," అన్నాను.

"ఇప్పుడు దాంతో పని లేదు."

"మొన్న నన్ను తప్పని చెప్పడానికి పనికొచ్చిందిగా. తిప్పండి!"

వీధి మొత్తం అతని సంచినే చూస్తోంది. అతని చెయ్యి జిప్పు మీదకి వెళ్ళింది, అక్కడే ఆగింది. వీరరాఘవులు దగ్గాడు. కుర్రాడు చెయ్యి తీసేశాడు. ఎంత చదువు చదివినా ఆ జిప్పు తియ్యడం రాలేదు. ఆ క్షణంలో అతన్ని అసహ్యించుకున్నంతగా నేను ఎవరినీ అసహ్యించుకోలేదు.

అంతవరకూ మామ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మరియమ్మత్త లేచింది. ఆమె ఏడవడం లేదు.

"శ్రీహరీ, మేడ మీద బిందె దించుకురా అయ్యా. మామకి నీళ్ళు పొయ్యాలి. మంచినీళ్ళకి మాకుండేది అదొక్కటే."

అన్నయ్య గోడ పట్టుకుని మెట్లెక్కాడు. ఉక్క ఇంకా తగ్గలేదు. అతను బిందె ఎత్తాడు. కింద ఉన్న పెట్టె కాసేపు గీత చూపించి, చుట్టూ ఎవరున్నారని అడిగి ఉంటుంది. జవాబు చెప్పింది మా పెట్టే, దాని మాట విన్న గట్టు మీది పెట్టే. అది ముప్పై రెండున్నర అంది. ఆ ఇంటి మీద, ఆ శవం మీద, గొంతెత్తి కూయడం మొదలుపెట్టింది.

వీధిలో ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. ప్రణీత్ దాన్ని ఆపడానికి మెట్ల వైపు పరుగెత్తాడు. మా అమ్మ అడ్డం వెళ్ళబోయింది గానీ, అంతకంటే ముందే మరియమ్మత్త మొదటి మెట్టు మీద కూర్చుంది.

"ఉండనీ బాబూ," అంది. "ఇప్పుడన్నా కుయ్యనీ."